ఊరి పేరు, అంగడి పేరు

హైదరాబాదులోనో విజయవాడలోనో కొత్తవాళ్ళకు మాది లేపాక్షి అని చెబితే, చాలామందికి గుడి కంటే ముందు అంగడి గుర్తుకొస్తుంది. "లేపాక్షి అంటే ఆ బొమ్మల షాపు కదండీ!" అంటారు. పెళ్ళికి ఏమిచ్చుకోవాలో తోచకపోతే లేపాక్షికి వెళ్ళాలి. అమెరికాలో ఉన్న అక్కయ్యకు ఏదైనా పంపాలన్నా, ఆఫీసులో పెద్దాయన రిటైరవుతున్నాడన్నా అక్కడికే. ఏనుగు అంబారీ ఒకటి, కలంకారీ గుడ్డ ఒకటి, చందనం వాసనొచ్చే అగరుబత్తి పెట్టె ఒకటి తీసుకుని, అట్టపెట్టెలో కట్టించుకుని వచ్చేవాళ్ళు. ఉమ్మడి రాష్ట్రంలో బడికి పోయినవాళ్ళకైతే లేపాక్షి అంటే నోటుపుస్తకం కూడా. అట్ట మీద మా ఊరి పేరు, లోపల ఎక్కాలు.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక మండల కేంద్రం పేరు తెలుగువాళ్ళ బహుమతుల అంగడి పేరుగా ఎట్లా మారిందన్నది మా ఊరి చరిత్రలో ఒక అధ్యాయం. గుడి మీద రాసిన పుస్తకాల్లో దానికి చోటు దొరకదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఢిల్లీలో బాబా ఖరక్ సింగ్ మార్గ్‌లో రాష్ట్ర ప్రభుత్వాల చేతిపనుల అంగళ్ళు వరుసగా ఉంటాయి. ఒక్కో రాష్ట్రం తన సరుకుకు ఏ పేరు పెట్టుకుందో ఆ బోర్డుల్లో తెలుస్తుంది. తమిళనాడు వాళ్ళు చోళుల నాటి రేవుపట్నం పూంపుహార్‌ను తలుచుకున్నారు. కర్ణాటక వాళ్ళు కావేరి పేరు పెట్టుకున్నారు. గుజరాత్‌ది గుర్జరి, రాజస్థాన్‌ది రాజస్థలి, ఒడిశాది ఉత్కళిక. ఆంధ్రప్రదేశ్ మాత్రం రాజధానినీ నదినీ పక్కనబెట్టి, వానలు సరిగా పడని అప్పటి అనంతపురం జిల్లాలో ఒక పల్లెను ఎంచుకుంది. బొమ్మలకు పేరుమోసిన కొండపల్లి ఉంది, ఏటికొప్పాక ఉంది, శిల్పాలకు అమరావతి ఉంది. మా ఊళ్ళో బొమ్మలు చెక్కి అమ్మే వీధే లేదు. అయినా పేరు మాదే పెట్టారు.

దీనికి కారణం నాకు లతామండపంలో కనిపిస్తుంది. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు ఏలిన కాలంలో (1529–1542) పెనుకొండ ప్రాంతపు అధికారులు విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కూర్మశైలం అనే గుట్ట మీద వీరభద్రాలయం కట్టించారు. నైరుతి మూలకు, పూర్తికాని కల్యాణమండపం దాటితే లతామండపం వస్తుంది. చూడవచ్చినవాళ్ళు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, నాగలింగం దగ్గర ఫోటో దిగి, ఈ మండపాన్ని నడుస్తూనే చూసి వెళ్ళిపోతారు. ఇక్కడ దేవుళ్ళ కథలు తక్కువ, స్తంభాల ముఖాల నిండా నగిషీలే. తీగలు, పువ్వులు, పక్షులు, గళ్ళు, మెలికలు. ఒక ముఖం మీదున్న నమూనా పక్క ముఖం మీద ఉండదు. కొన్ని మరీ లోతు లేకుండా, గోటితో గీసినట్టు ఉంటాయి. శిల్పులు రాయి మీద రాసిపెట్టుకున్న డిజైన్ల పుస్తకం ఇదే అని నా నమ్మకం. ఊళ్ళో ముగ్గులేసే ఆడవాళ్ళు దీని నుంచి ఎత్తుకున్నారు, మగ్గం మీద అంచులు నేసేవాళ్ళు ఎత్తుకున్నారు, అద్దకంవాళ్ళు ఎత్తుకున్నారు. చీరల అంగడిలో "లేపాక్షి డిజైను" అని చూపించేది చాలావరకు ఈ స్తంభాలదే.

మిగిలిన కారణం పైకప్పులో ఉంది. నాట్యమండపం కిందుగా నడుస్తూ తలెత్తి చూడండి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, వటపత్రశాయి. ఎర్రమట్టి, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ, అంతే రంగులు. మగవాళ్ళ నెత్తిన పొడుగాటి కుళ్ళాయిలు. ఆడవాళ్ళ చీరల మీద గళ్ళు, చారలు, చుక్కలు, పూలు. పక్కపక్కన నిలబడ్డ చెలికత్తెల్లో ఒకరి చీర మరొకరికి లేదు. కొప్పులు కూడా ఎవరివి వారివే. అయిదువందల ఏళ్ళనాటి చీరలు ఇవి, అసలు గుడ్డలు చీకి మట్టిలో కలిసిపోయాక కూడా సున్నపు పూత మీద అంచు, కొంగు, కుచ్చెళ్ళతో సహా మిగిలాయి. ధర్మవరం పట్టుచీరల అంచుల మీద ఈ చిత్రాల ప్రభావం ఉందని నేతగాళ్ళే చెప్తారు. రాయి, రంగు, గుడ్డ, ఆట, పాట, ఇవన్నీ ఒకే కప్పు కింద ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు తెలుగునేల మీద నాకు మరొకటి తెలియదు. రంభ ఆడుతుంటే బ్రహ్మ మద్దెల వాయిస్తున్న స్తంభాలు కూడా ఆ మండపంలోనే కదా ఉన్నాయి. అన్ని రకాల చేతిపనులూ అమ్మే అంగడికి పేరు కావాలంటే ఇంతకంటే తగింది ఏముంటుంది?

అయితే గుడి గొప్పదైనంత మాత్రాన పేరు పట్నానికి పోదు. మోసుకుపోయే మనుషులుండాలి. హిందూపురం ప్రాంతపు స్వాతంత్ర్య సమరయోధుడు కల్లూరు సుబ్బారావు లేపాక్షి గురించి నలుగురికీ తెలియాలని ఎంతో పాటుపడ్డారు. అడివి బాపిరాజు మా ఊరి రాతి నంది బసవయ్య మీద గేయం రాశారు. ఆ గేయం పాడుకున్నవాళ్ళలో ఈ ఊరు చూడనివాళ్ళే ఎక్కువ. 1964లో రాష్ట్ర ప్రభుత్వం సినిమాలకు బహుమతులు మొదలుపెట్టి, మా బసవయ్య పేరు మీదనే వాటిని నంది అవార్డులు అంది. ప్రభుత్వ హస్తకళల సంస్థ అంగళ్ళకు లేపాక్షి పేరు పెట్టేనాటికి తెలుగువాళ్ళ చెవులకు ఆ పేరు అలవాటైపోయి ఉంది.

ఉమ్మడి రాష్ట్రంలో హైదరాబాదు గన్‌ఫౌండ్రీ లేపాక్షిలోకి అడుగుపెట్టిన మా ఊరివాళ్ళెవరైనా మొదట బోర్డు చూసి మురిసిపోయేవాళ్ళు, తర్వాత సరుకు చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు. నిర్మల్ చిత్రాలు, బీదరు పనితనపు నల్లటి కూజాలు, పెంబర్తి ఇత్తడి, కరీంనగర్ వెండితీగ పని, చేర్యాల ముసుగులు, శ్రీకాళహస్తి కలంకారీ, ఏటికొప్పాక లక్కపిడతలు, బొబ్బిలి వీణ బొమ్మలు. ఏవీ మావి కావు, అన్నీ మా పేరు మీదే. 2014లో రాష్ట్రం రెండయ్యాక తెలంగాణ తన చేతిపనుల అంగళ్ళకు గోల్కొండ అని పేరు పెట్టుకుంది. ఎవరి కళలు వాళ్ళు తమ బోర్డు కింద అమ్ముకోవడం న్యాయమే. కానీ నిర్మల్ చిత్రాన్ని "లేపాక్షిలో కొన్నాం" అని చెప్పుకున్న తరానికి మా ఊరి పేరు రెండు రాష్ట్రాల ఇళ్ళల్లోనూ షోకేసు అద్దాల వెనుక అలాగే ఉండిపోయింది.

ఇక ఊళ్ళో అంగళ్ళ సంగతి. గుడి మెట్ల దగ్గర, బసవయ్య తోట దగ్గర ఉన్నవి చిన్న అంగళ్ళు. టెంకాయలు, విభూతి, తాళాల గుత్తులు, పిల్లల బొమ్మకార్లు, దేవుడి పటాలు, పెన్నుల స్టాండ్లు, గుడి చరిత్ర చెప్పే పలచటి పుస్తకాలు, అన్నీ ఒకే బల్ల మీద. శని, ఆదివారాల్లో బెంగళూరు కార్లు వస్తాయి, బేరం సగం కన్నడంలో, సగం తెలుగులో నడుస్తుంది. ఈ సరుకులో ఎక్కువ భాగం అచ్చులో పోసి ఎక్కడెక్కడి నుంచో వచ్చిందే. నాకు బాధ కలిగించేది నంది బొమ్మలు. మా బసవయ్య 27 అడుగుల పొడుగు, 15 అడుగుల ఎత్తు, ఒకే గుండులో మలిచినవాడు. మిగతా గుళ్ళలో నందులు తల వంచి ఒద్దికగా ఉంటాయి. ఈయన మెడ నిక్కించి, తల పైకెత్తి, పిలిస్తే లేచి వచ్చేలా కూర్చుని ఉంటాడు. మెడలో గంటల దండ వరుసలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటాయి. అచ్చుబొమ్మల్లో ఆ తల వాలిపోయి ఉంటుంది, గంటలు ముద్దలా కలిసిపోయి ఉంటాయి. అది మైసూరు చాముండి కొండ నందో, మరే నందో, మాది కాదు. కొనేముందు బొమ్మను బల్ల మీద పెట్టి పక్కనుంచి చూడండి. మెడ నిక్కి ఉంటేనే లేపాక్షిది.

అదే బల్ల చివర, ప్లాస్టిక్ కవర్లో, నేను ఎవరికైనా కొనిపెట్టే వస్తువు ఒకటి ఉంటుంది. తోలుబొమ్మ. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో చేసినవి. అక్కడి బొమ్మలాటవాళ్ళు ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, ఆటలో రామాయణ భారతాలు తెలుగులో ఆడతారు. మేకతోలు నానబెట్టి, వెంట్రుకలు గీకి, ఎండబెడతారు. అది అద్దంలా పలచబడ్డాక బొమ్మ గీసి, సన్నటి ఉలులతో నగల చోట రంధ్రాలు కొట్టి, రెండువైపులా రంగులు వేస్తారు. మా చుట్టుపక్కల ఊళ్ళల్లో వాన పడని ఏడు విరాటపర్వం ఆడించేవాళ్ళు, ఆడితే వాన వస్తుందని నమ్మకం. ఈ జిల్లాలో వాన కోసం చేయని పని లేదు. తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, రాత్రంతా కూర్చుని చూసేవాళ్ళు తగ్గారు. ఆ చేతులే దీపాల తొడుగులు, గోడకు తగిలించే చెట్లు, చెవులకు పెట్టుకునే జుంకీలు, పుస్తకంలో పెట్టుకునే గుర్తులు చేయడం మొదలుపెట్టాయి. కొందరు దీన్ని దిగజారడం అంటారు. నేను ఒప్పుకోను. ఆట ఆగిపోయాక కూడా ఉలి ఆగకుండా ఉన్నది ఈ చిన్న వస్తువుల వల్లనే. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. 2024 జనవరిలో ప్రధానమంత్రి లేపాక్షి గుడికి వచ్చినప్పుడు ఆయనకు జటాయువు కథను తోలుబొమ్మల్లోనే ఆడి చూపించారు.

పోయిన ఎండాకాలం మా బంధువుల పిల్లను తీసుకుని ఆ బల్ల దగ్గరకు వెళ్ళాను. పుస్తకాల్లో పెట్టుకునే గుర్తులు, వేలెడంత వెడల్పు, చివర నెమలి. ఆ అమ్మాయి రెండు తీసి చూపిస్తూ "ఏది బాగుంది పెదనాయనా?" అంది. రెండూ ఎండకెదురుగా పట్టమన్నాను. మొదటిదాంట్లో రంగు ఒకవైపే ఉంది, వెలుతురు దాటలేదు, పైన అంటించిన అట్టలా చీకటిగా ఉంది. రెండోదాంట్లో నెమలి కన్ను ఎర్రగా వెలిగింది. తోకలో రంధ్రాలు ఒకే వరుసలో లేవు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకచోట ఉలి కాస్త జారి రెండు కలిసిపోయాయి. వెనక్కి తిప్పితే రంగు అటూ అంతే చిక్కగా ఉంది. "ఇది ఎవరు చేసినారన్నా?" అని అంగడాయన్ను అడిగాను. "నిమ్మలకుంటోళ్ళు సామీ, పేరు నాకు తెల్దు, మూటగా ఇచ్చిపోతారు" అన్నాడు.

ఆ పేరు తెలియకపోవడమే నాకు కొరతగా అనిపిస్తుంది. లేపాక్షి గుడిలో చిత్రాలు వేసినవాళ్ళ పేర్లు మనకు దక్కలేదు. కట్టించిన అన్నదమ్ములు మాత్రం కప్పు మీద కుళ్ళాయిలు పెట్టుకుని దండం పెడుతూ ఉన్నారు. అప్పుడు రాసిపెట్టుకోలేకపోయాం, సరే. ఇప్పుడు ఒక చిన్న కాగితం ముక్క మీద చేసినవాళ్ళ పేరు, ఊరు రాసి కవర్లో పెట్టడానికి ఖర్చేముంది? 2022లో మా గుడీ, మా బసవయ్యా యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ముందు ముందు జనం ఇంకా పెరుగుతారు, అంగళ్ళూ పెరుగుతాయి. 2016 నుంచి జరిగిన లేపాక్షి ఉత్సవాల్లో ఊరి నిండా జనం వస్తే ఎట్లా ఉంటుందో చూశాం. ఆ జనం చేతుల్లోకి ఏ వస్తువు వెళ్ళాలన్నది మేము, ఈ ఊరివాళ్ళం, అంగళ్ళవాళ్ళతో కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కర్రతో చేసింది కాబట్టి అంత తేలిక అనీ, ఏటికొప్పాక పిడతకు వేసేది చెట్ల రంగులు కలిపిన లక్క అనీ చెప్పి అమ్మితే కొనేవాళ్ళు రెండు నిమిషాలు ఎక్కువ నిలబడతారు. నేను చూశాను.

ఆ మధ్యాహ్నం అంగడాయన నా నస పడలేక నిమ్మలకుంటకు ఫోను కలిపాడు. నెమలి చేసింది మూట తెచ్చినాయన కోడలని తెలిసింది. మా పిల్ల ఆ పేరు అడిగి, బిల్లు వెనుక రాయించుకుంది. ఇంకో మూడు కావాలని, ఈసారి చిలకలు కావాలని ఫోన్లోనే చెప్పింది. చిలకలకు ఆకుపచ్చ రంగు అయిపోయిందట, వారం పడుతుందన్నారు.