రైల్లో జరిమానా వేశారా? ముందు రసీదు, తర్వాత సెక్షన్ చూడండి

టికెట్ లేదనో, ఉన్న టికెట్ చెల్లదనో టీసీ జరిమానా రాశారు. మీకేమో అది అన్యాయం అనిపిస్తోంది. బోగీలో వాదించినంత మాత్రాన అది రద్దు కాదు. తర్వాత ప్రశ్నించాలంటే చేతిలో ఆధారం ఉండాలి. అందుకే డబ్బు కట్టేటప్పుడు ఎక్సెస్ ఫేర్ టికెట్, అంటే రసీదు, తప్పకుండా అడిగి తీసుకోండి.

ఏ సెక్షన్ కింద?

రైల్వే చట్టం-1989లో దీనికి రెండు సెక్షన్లు ఉన్నాయి. సరైన టికెట్ లేకపోతే 138 వర్తిస్తుంది. ప్రయాణ ఛార్జీతో పాటు అంతే మొత్తం, లేదా రూ.250, ఏది ఎక్కువైతే అది అదనంగా కట్టాలి. ఛార్జీ రూ.60 అయితే మొత్తం రూ.310 అవుతుంది. ఛార్జీ రూ.400 అయితే రూ.800 అవుతుంది.

సెక్షన్ 137 మోసానికి సంబంధించింది. రైల్వేను మోసగించే ఉద్దేశంతో ప్రయాణించారని రుజువైతే 6 నెలల వరకు జైలు, రూ.1,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పొరపాటుకు, మోసానికి తేడా ఇక్కడే ఉంది. ఏ సెక్షన్ కింద రాశారో తప్పక అడగండి.

లెక్క సరిచూసుకోండి

ఎక్కడ ఎక్కారో తేలకపోతే రైలు బయల్దేరిన స్టేషన్ నుంచి ఛార్జీ లెక్కిస్తారు. మధ్యలో టికెట్లు తనిఖీ చేసి ఉంటే, చివరిసారి తనిఖీ జరిగిన చోటు నుంచే లెక్కించాలి. ఉదాహరణకు విశాఖ నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైలును మీరు ఖమ్మంలో ఎక్కారు. వరంగల్ దగ్గర టీసీ విశాఖ నుంచి ఛార్జీ వేస్తే అభ్యంతరం చెప్పవచ్చు. ఖమ్మంలో కొన్న ప్లాట్‌ఫాం టికెట్ లాంటిది ఉంటే చూపండి. అది ప్రయాణ టికెట్ కాదు గానీ ఎక్కడ ఎక్కారో చెప్పడానికి పనికొస్తుంది.

రైలెక్కే ముందే సిబ్బందికి చెప్పి అనుమతి పత్రం తీసుకుని ఉంటే అదనపు రుసుము వేయకూడదు. ఛార్జీ కడితే చాలు.

నిలవని వాదనలు

వెయిటింగ్ లిస్టులోనే ఉండిపోయిన ఈ-టికెట్ చార్ట్ తయారయ్యాక దానంతటదే రద్దవుతుంది. దానితో రైలెక్కితే టికెట్ లేనట్లే. ఈ-టికెట్‌లో పేరున్న ప్రయాణికుల్లో ఒక్కరి దగ్గరా గుర్తింపు కార్డు లేకపోయినా అంతే. యాప్‌లో తీసుకున్న జనరల్ టికెట్‌ను యాప్‌లోనే చూపాలి. స్క్రీన్‌షాట్ చెల్లదు.

కట్టాక ఫిర్యాదు ఎలా?

రసీదు నంబరు, రైలు నంబరు, తేదీ, ఎక్కిన స్టేషన్ రాసి రైల్ మదద్ యాప్‌లో గానీ 139కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు చేయండి. ఆ డివిజన్ వాణిజ్య విభాగం అధికారికి లిఖితపూర్వకంగానూ పంపండి. ఛార్జీల వాపసు క్లెయిములను రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్ విచారిస్తుంది. దాని బెంచ్ సికింద్రాబాద్‌లో ఉంది.

కట్టనంటే?

కట్టనని నిరాకరిస్తే విషయం మేజిస్ట్రేట్ దాకా వెళ్లవచ్చు. ఆ మొత్తాన్ని జరిమానాలా వసూలు చేయిస్తారు. అప్పటికీ కట్టకపోతే 10 రోజుల నుంచి నెల వరకు జైలు పడవచ్చు. రైల్లోంచి దింపే అధికారమూ సిబ్బందికి ఉంది. అయితే మగతోడు లేని మహిళలను, పిల్లలను పగటిపూట మాత్రమే దింపాలి. అదీ వారు ఎక్కిన స్టేషన్‌లో, జంక్షన్‌లో, చివరి స్టేషన్‌లో లేదా జిల్లా కేంద్రంలోనే.

కోర్టులో తొందరపడొద్దు

సెక్షన్ 137 కేసులో ‘ఒప్పేసుకుంటే త్వరగా వెళ్లిపోవచ్చు’ అని పక్కవాళ్లు చెబుతారు. నేరం ఒప్పుకుంటే అది శిక్షగా నమోదవుతుంది. ఉద్యోగ దరఖాస్తుల్లో ‘గతంలో శిక్ష పడిందా’ అనే ప్రశ్నకు జవాబు రాయాల్సి రావచ్చు. మోసం చేసే ఉద్దేశం లేకపోతే ఆ మాటే మేజిస్ట్రేట్‌కు చెప్పండి, ఆధారాలు చూపండి. లాయర్ లేకపోతే న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి, నిర్ణీత ఆదాయం లోపు ఉన్నవారికి న్యాయ సహాయం ఉచితం.