అంతర్వాస శిలీంధ్రములు: మలేరియా ఔషధాన్వేషణము

మొక్కల ఆకులలోను, బెరడులోను, వేళ్ళలోను కణముల నడుమ నివసించుచు, తమకు ఆశ్రయమిచ్చిన మొక్కకు పైకి కనిపించు రోగలక్షణమేదియు కలిగింపక కాలము గడపు శిలీంధ్రములను అంతర్వాస శిలీంధ్రములందురు. వీనికి గల ఎండోఫైటు అను పేరు 1866లో జర్మను శాస్త్రవేత్త ఆంటన్ డి బారీ వాడుకలోనికి తెచ్చినది. ఇరుకైన ఆ నివాసమున ఇతర సూక్ష్మజీవులతో పోటీపడుచు బ్రతుకవలసిన ఈ శిలీంధ్రములు నానావిధములైన రసాయనములను స్రవించును. వానిలో కొన్ని మలేరియాకు కారణమగు ప్లాస్మోడియమును సంహరింపగలవని తెలిసిన పిమ్మట, వీనియందు క్రొత్త ఔషధములకై అన్వేషణ సాగుచున్నది.

మలేరియా చరిత్రలో హైదరాబాదు నగరమునకు గల స్థానము ప్రసిద్ధమే. 1897 ఆగష్టు 20వ తేదీన సికింద్రాబాదులో బ్రిటిషు వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ జీర్ణకోశపు గోడలో ఆ పరాన్నజీవిని తొలిసారిగా చూచెను. ఆయన పరిశోధన చేసిన బేగంపేటలోని భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆధీనమున నున్నది. రోగము సంక్రమించు త్రోవ తెలిసినను, దానికి మందు వెదకు పని మాత్రము ముగియలేదు. సింకోనా బెరడునుండి 1820లో క్వినైనును, ఆర్టిమీసియా మొక్కనుండి 1972లో ఆర్టిమిసినినును వేరుచేయగా, రెండును కోట్ల ప్రాణములను కాపాడినవి. కాని 1973లో అస్సాములో మలేరియా మందైన క్లోరోక్వినునకు లొంగని ప్లాస్మోడియము ఫాల్సిపారము కనబడెను, ఈ శతాబ్ది తొలి దశకము చివర కంబోడియాలో ఆర్టిమిసినిను ప్రభావమును మందగింపజేయు పరాన్నజీవులు తలయెత్తెను. నగరములలో కట్టడముల కడ నిలిచిన నీటను, మిద్దెలపై మూతలేని తొట్లలోను గ్రుడ్లు పెట్టు అనాఫిలిస్ స్టీఫెన్సై దోమయు, మన్యపు గూడెములలో మరల మరల తిరుగబెట్టు జ్వరమును ఉన్నంతకాలము ఈ వెదకులాట అనివార్యము.

మొక్క చేయు మందును మొక్కలోని శిలీంధ్రమే చేయగలదను ఊహకు 1993లో గట్టి ఆధారము దొరకెను. అమెరికాలో పసిఫిక్ యూ వృక్షపు బెరడున నివసించు శిలీంధ్రమొకటి కాన్సరు ఔషధమైన టాక్సాలును స్వల్పముగానైనను చేయునని స్ట్రోబెల్ అను శాస్త్రవేత్తయు, స్టీర్లె దంపతులును ఆ యేట ప్రకటించిరి. పిమ్మట జపాను పరిశోధకులు సింకోనాలో వసించు డయాపోర్తె శిలీంధ్రమునందు క్వినైను వర్గపు ఆల్కలాయిడులను కనుగొనిరి.

ఈ అన్వేషణ ఆకును కడుగుటతో ఆరంభమగును. కోసిన ఆకును ధారాళమైన నీట కడిగి, కొలది క్షణములు ఆల్కహాలులోను, పిదప బ్లీచింగు ద్రావణములోను ముంచి, సూక్ష్మజీవరహితమైన నీట మరల కడుగుదురు. ఇట్లు పైపొరను అంటియున్న బూజులన్నియు నశింపగా లోపలివి మాత్రమే మిగులును. కడపటి కడుగునీటిని వేరొక పళ్ళెమున పోసి, అందేమియు మొలవకున్నప్పుడే శుద్ధి పూర్తియైనట్లు ఎంచుదురు. ఆకును చిన్న తునకలుగా కోసి, బంగాళాదుంప రసముతో చేసిన అగారు పళ్ళెములపై పేర్చి, బాక్టీరియా పెరుగకుండ యాంటీబయోటిక్కు కలిపి యుంచగా, కొన్ని దినములకు తునకల అంచులనుండి తెల్లనివో బూడిదవన్నెవో నూలుపోగులు బయటికి ప్రాకును. ఆ పోగు కొననెత్తి వేరుగా పెంచి, అది ద్రవమునందు విడుచు పదార్థములను సేకరించి, మానవ రక్తకణములలో పెంచిన ప్లాస్మోడియముపై ప్రయోగింతురు. పక్వమైన ఎర్ర రక్తకణమునకు కేంద్రకము లేదు గనుక డి.ఎన్.ఏ. యుండదు, కావున డి.ఎన్.ఏ.ను పట్టి వెలుగు సైబర్ గ్రీను రంగును కలిపినచో, ఆ వెలుగంతయు పరాన్నజీవిదే. వెలుగు తగ్గినచో పరాన్నజీవి పెరుగుదల ఆగినదన్నమాట.

దక్షిణ భారతమున ఈ విధానముతో జరిగిన పరిశోధనలలో 2014లో ప్రకటితమైనది ముఖ్యమైనది. చెన్నైలోని వివేకానంద ఉష్ణమండల శిలీంధ్రశాస్త్ర సంస్థయు, ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యు ఇంజినీరింగు, జీవసాంకేతిక కేంద్రమును పాలుపంచుకొనిన ఈ పనిలో సముద్రపు గడ్డినుండి 5, నాచులనుండి 36, అడవిచెట్లనుండి 43, వెరసి 84 శిలీంధ్రములను పరీక్షించిరి. నాచులోని ఒక ఫ్యుజేరియము స్రావము మిల్లీలీటరునకు 1.94 మైక్రోగ్రాముల మోతాదున పరాన్నజీవి వృద్ధిని సగమునకు తగ్గింపగా, శుద్ధిచేసిన భాగమునకు 0.12 మైక్రోగ్రాములే చాలినవి. అడవిచెట్టులోని నైగ్రోస్పోరాయు ఆశాజనకముగా కనబడెను. ఐనను దీనిని మందని పిలువరాదు: ఫ్యుజేరియము జాతులు మానవునకు హానికరమైన విషములను గూడ చేయును గనుక, పరాన్నజీవిని చంపి మానవకణమును విడుచునదేదో తేల్చుటయే అసలైన శ్రమ.

వేరొక చిక్కును గలదు. ప్రయోగశాలలో తరతరముగా పెంచబడు కొలది శిలీంధ్రము తన విద్యను మరచును. చైనా మూలపు కాంప్టోథెకా వృక్షమునుండి తీసిన ఫ్యుజేరియము కాన్సరు ఔషధమునకు మూలమైన కాంప్టోథెసినును చేయు శక్తిని ఏడవ తరమునకు చాలవరకు కోల్పోయినట్లు జర్మనీలోని పరిశోధకులు చూపిరి. కావుననే తొలి సంవర్ధనమును అతిశీతలమున భద్రపరతురు. అదియును చాలనప్పుడు మరల ఆ చెట్టు కడకే పోవలసివచ్చును. చెట్టు లేనిచో ఆ త్రోవ మూసికొనిపోవును.

హైదరాబాదు ఐ.టి. ప్రాంతమైన సైబరాబాదున, చెట్టు పోయినచో దానిలోని శిలీంధ్రమును పోవునను ఈ విషయము నేరుగా తగులును. 2012 అక్టోబరులో మాదాపూరు సమీపమునందలి అంతర్జాతీయ సభా కేంద్రమున జీవవైవిధ్య ఒప్పందపు 11వ సభ జరిగెను.  ఆ ఒప్పందమును అనుసరించి వచ్చిన 2002 నాటి భారత జీవవైవిధ్య చట్టము సూక్ష్మజీవులను గూడ జీవవనరులుగా పరిగణించును గనుక, విదేశీయులెవరైనను ఇచ్చటి ఆకులోని శిలీంధ్రమును పరిశోధనకు గైకొనదలచినచో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతిని ముందుగా పొందవలెను. 1974లో స్థాపింపబడి, ప్లాస్మోడియముపై పనిచేయు ప్రయోగశాలలు గల హైదరాబాదు విశ్వవిద్యాలయము ఈ ఐ.టి. ప్రాంతముననే యున్నది. దానికి ఆనుకొనిన కంచ గచ్చిబౌలి భూమి 400 ఎకరములలో, ఐ.టి. కట్టడములకై 2025 మార్చి చివర యంత్రములతో చెట్లను కూల్ప నారంభింపగా, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేసెను.