మేడమీది ఏంటెనా మొదలు చేతిలోని మీట వరకు: చెన్నపురి తెలుగు ఇండ్లలో టెలివిజన్ కథ

చెన్నపట్టణమునందలి తెలుగువారి చరిత్ర వ్రాయువారు దేవాలయములను, సత్రములను, పాఠశాలలను, అచ్చాఫీసులను, సినిమా స్టూడియోలను పేర్కొందురు. అది యుక్తమే. కాని మన మేడలమీద నిలిచిన ఏంటెనాలకు గూడ ఒక చరిత్ర కలదు. ఏ కాలమున ఏ సాధనము మన యింటికి వచ్చినదో, దానినిబట్టియే మన యింట తెలుగు వినబడుటయు, వినబడకపోవుటయు నిర్ణయమగుచు వచ్చినది. నేను పండితుడను గాను. ఎస్.ఎస్.ఎల్.సి. చదివి, ముప్పదియైదేండ్లు గుమాస్తాపని చేసి విరమించినవాడను. ఫైళ్లలో తేదీలను వరుసగా కూర్చుట తప్ప వేరు విద్య నెరుగను. ఆ విద్యతోనే యీ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

ముందుగా రేడియో మాట చెప్పవలెను. టెలివిజనుకు అది పెద్దక్క. 1924 లో సి.వి. కృష్ణస్వామి శెట్టి గారి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ఏర్పడి, ఆ యేడే ప్రసారములు ప్రారంభించెను. ధనాభావముచే 1927 లో అది ఆగిపోగా, దాని యంత్రమును నగర కార్పొరేషనువారు గైకొని 1930 నుండి తామే ప్రసారములు నడిపిరి. రేడియో కొనగలవారు కొద్దిమంది గనుక మెరీనాలోను, పార్కులలోను లౌడుస్పీకర్లు పెట్టి జనులకు వినిపించెడివారు. 1938 జూన్ 16 న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వెలసెను. నాడు తెలుగు జిల్లాలకును ఈ పట్టణమే రాజధాని గనుక ఆ కేంద్రమునుండి తమిళముతోబాటు తెలుగును పలికెను. బాలాంత్రపు రజనీకాంతరావు గారు 1941 లో ఉద్యోగమున చేరినది యిక్కడనే. 1948 డిసెంబరు 1 న విజయవాడ కేంద్రము ఏర్పడిన పిమ్మట తెలుగు ప్రసారముల బరువు క్రమముగా అటు తరలెను. 1953 లో ఆంధ్రరాష్ట్రము వేరుపడెను. మనము మాత్రము ఇక్కడనే యుంటిమి.

నా చిన్ననాట మా అమ్మగారు రాత్రి వంటయిల్లు కడిగిన తరువాత రేడియో ముల్లును మెల్లగా త్రిప్పి విజయవాడను వెదకెడివారు. మీడియం వేవు తరంగము పగటివేళ నేలబారున సాగి త్వరగా సన్నగిల్లును. రాత్రివేళ పైవాతావరణపు పొరకు తగిలి తిరిగివచ్చి వందల మైళ్లు పోవును. కనుకనే విజయవాడ మాకు రాత్రి పూటనే దొరకెడిది. అదియు నొకసారి దగ్గరగను, ఒకసారి నూతిలోనుండి వచ్చినట్లును వినబడెడిది. పాట నడుమ మాయమైన చరణమును అమ్మగారు తామే పాడి పూర్తిచేసెడివారు.

ఇక టెలివిజన్. 1975 ఆగస్టు 15 న మద్రాసు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమాయెను. ఇక్కడ చిత్రమైన సంగతి యొకటి కలదు. అంతకు రెండు వారములు ముందు, ఆగస్టు 1 న, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహము సాయమున మన దేశమున 'సైట్' అను ప్రయోగము మొదలాయెను. ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములలో మూడు మీటర్ల వలకంచు ఏంటెనాలు పెట్టి, ఒక సంవత్సరము పాఠములు, వ్యవసాయపు మాటలు చూపిరి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అనగా ఎఱ్ఱబస్సు కొరకు ఎదురుచూచు పల్లెలో తెలుగు టెలివిజన్ వచ్చినది. మహానగరమున నున్న మాకు రాలేదు. తప్పెవరిదియు గాదు. టెలివిజన్ రాష్ట్రమువారీగా, రాష్ట్రభాషలో వచ్చినది. హైదరాబాదు కేంద్రము 1977 అక్టోబరు 23 న నెలకొనెను. కాని అది మాకు అందలేదు.

అందకపోవుటకు కారణము ఏంటెనా లక్షణమే. మేడలమీద చేపముల్లువలె కనబడు ఆ అల్యూమినియము కడ్డీల కూర్పును 1926 లో జపానునందు యాగి, ఉడా అను ఇరువురు శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. అందు ఒక కడ్డీ తరంగమును పట్టును. వెనుకది దానిని అద్దమువలె మరల్చును. ముందున్న చిన్న కడ్డీలు దానిని ఒక దిక్కునకు కూర్చును. కాని టెలివిజన్ తరంగము ఇంచుమించు వెలుతురువలె తిన్నగా పోవునది. భూమి వంపును దాటి ఐదువందల కిలోమీటర్లకు పైబడిన హైదరాబాదునుండి అది చెన్నపురి చేరదు. అయినను 1982 లో సింహళమున రూపవాహిని మొదలైన పిమ్మట, సముద్రముమీది గాలిపొరలు తరంగమును వంచి తెచ్చు దినములలో, బూస్టరు బిగించినవారికి ఆ బొమ్మ కనబడుచుండెను. సముద్రము దాటి లంక వచ్చెను, తెలుగునాడు రాలేదు. "హనుమంతుడు పోయిన త్రోవనే బొమ్మ తిరిగివచ్చుచున్నది" అని మా వీధి పెద్దలు నవ్వెడివారు.

1984 లో నేను వాయిదాల పద్ధతిని ఒక నలుపు తెలుపు సెట్టు కొంటిని. అప్పుడు దానికి పోస్టాఫీసులో లైసెన్సు రుసుము గట్టి పుస్తకములో ముద్ర వేయించుకొనవలెను. ఆ యేర్పాటు 1980 దశకపు నడిమి భాగమున రద్దయ్యెను. శుక్రవారము సాయంకాలము తమిళ సినిమా పాటలు వచ్చెడివి. వానిని వీధియంతయు మా యింట కూర్చుండి చూచెడిది. మా అమ్మగారు అందరికి మంచినీళ్లందించి గోడ కానుకొని తామును చూచెడివారు. ఆదివారము మధ్యాహ్నము ప్రాంతీయ భాషా చిత్రముల వంతులో తెలుగు ఎప్పుడో యొకనాడు వచ్చెడిది. ఆనాడు వంట పదిగంటలకే ముగిసెడిది.

తరువాత పదేండ్లలో లోకము మారెను. 1991 తరువాత మేడనుండి మేడకు కేబుల్ తీగలు ప్రాకెను. 1993 లో దూరదర్శన్ వారే ఉపగ్రహముపై తెలుగు చానెలు నారంభించిరి. 1995 లో ఈటీవీ, జెమిని వచ్చెను. 2002 లో మాటీవీ చేరెను. వీధి చివర కేబుల్ నడుపువాడు పెద్ద గొడుగువంటి డిష్షు పెట్టి అన్ని భాషలను ఒకే తీగలో కలిపి పంపెడివాడు. ఆ తీగలో మేము కోరకయే తెలుగు వచ్చెను. ఉదయము భక్తిగీతములు, మధ్యాహ్నము పాత సినిమా, రాత్రి వార్తలు. మేడమీది కడ్డీలు కాకులకు ఆసనములై, బట్టలు ఆరవేయుటకు దండెములయ్యెను. మా అమ్మగారి వయస్సు అప్పటికి డెబ్బదికి చేరువ. కన్నతల్లి యూరినుండి యెవరో వచ్చి రోజంతయు మాటలాడుచున్నట్లున్నదని ఆమె సంతోషించిరి.

ఆ సంతోషమునకు 2003 లో విఘాతము కలిగెను. రుసుము చానెళ్లు చూడగోరువారు సెట్‌టాప్ బాక్సు పెట్టుకొనవలెనను విధానము ఆ సంవత్సరము సెప్టెంబరు 1 న అమలులోనికి వచ్చెను. దేశమున తక్కిన మహానగరములలో అది వాయిదా పడినది, చెన్నైలో నిలిచినది. ఉచిత చానెళ్లకు నెలకు 72 రూపాయలు, పన్నులు అదనము. మిగిలినవానికి పెట్టె కావలెను. పెట్టె ధర వేలలో నుండెను. కొన్నవారు బహు కొద్దిమంది. మా అమ్మగారు చూచుచుండిన తెలుగు చానెలు ఆనాటినుండి తెరపై మాయమాయెను.

ఇక్కడ నా తప్పు నేను చెప్పుకొనవలెను. అప్పుడు మా చిన్నమ్మాయి చదువు ఖర్చు మీదబడి యుండెను. "నాలుగు నెలలు పోనిత్తము, ధర తగ్గును" అని నేను లెక్క వేసితిని. నాలుగు నెలలు పది నెలలయ్యెను. మా అమ్మగారు ఒక్కమాటయు అడుగలేదు. మధ్యాహ్నము ఆ వేళకు వచ్చి అలవాటుగా కుర్చీలో కూర్చుండి, తమిళ చానెలు చూచి, కొంతసేపటికి లేచిపోయెడివారు. పెట్టె తెచ్చిననాడు ఆమె తెరనుగాక నా ముఖమును చూచి, "ఎంతయిందిరా?" అని మాత్రము అడిగిరి. అడగనిదే అమ్మయినను పెట్టదందురు. అమ్మ అడుగకపోయినను పెట్టవలసినది బిడ్డ యని నాకు ఆనాడు తెలిసినది.

2006 లో మా అబ్బాయి రిచీ వీధినుండి ట్యూనరు కార్డు తెచ్చి కంప్యూటరులో బిగించి, దానిని టెలివిజనుకు తగిలించెను. దానితో వచ్చు కార్యక్రమమును దాచుకొని, కావలసినప్పుడు చూచుకొనవచ్చును. అమ్మగారికి ప్రియమైన హరికథలు, బుఱ్ఱకథలు కొన్ని అట్లు దాచితిమి. ఆమె 2009 లో స్వర్గస్థురాలైరి. ఆ దాచినవి నేటికిని మా యింట పలుకుచున్నవి. కాని కేబుల్ అంతయు డిజిటల్ అయి, సంకేతములకు తాళము పడిన పిమ్మట ఆ పాత కార్డు నేరుగా ఏమియు చదువలేకపోయెను. 2019 నుండి ఏ చానెలు కావలెనో ప్రేక్షకుడే యెంచి రుసుము గట్టు పద్ధతి వచ్చినది. మొదట 130 రూపాయలు, పన్నులతో, నూరు ఉచిత చానెళ్లు. జాబితాలో తెలుగు పేరునకు ఎదుట గుర్తు పెట్టకున్న తెలుగు రాదు.

నేడు మన పిల్లల యిండ్లలో మూడు త్రోవలు గలవు. కొందరు కంప్యూటరును పెద్దతెరకు తగిలింతురు. కొందరు బొటనవ్రేలంత స్టిక్కు గుచ్చి ఇంటర్నెట్టు ద్వారా చూతురు. కొందరు ఏంటెనానే నమ్ముదురు. పాత కడ్డీలకు కాలము చెల్లినది. 2022 నాటికి దూరదర్శన్ వారు తమ పాత అనలాగు ప్రసార యంత్రములను చాలవరకు నిలిపివేసిరి. కాని చిన్న డిష్షు ఏంటెనా గలదు. 2004 లో మొదలైన దూరదర్శన్ వారి ఉచిత డిష్షుకు నెలసరి రుసుము లేదు. సప్తగిరి, యాదగిరి చానెళ్లు రెండును అందు వచ్చును. ఏబదియేండ్ల క్రిందట మేడమీది కడ్డీలు తేలేని తెలుగును నేడు ఆ గిన్నె ఉచితముగా తెచ్చుచున్నది.

ఏది మేలు అని నన్నడుగువారు కలరు. స్టిక్కు చేతికి సుళువు. 2020 ఉగాదినుండి తెలుగు కొరకే వెలసిన 'ఆహా' వంటివి అందు గలవు. కాని అందున్నది అద్దెసొత్తు. ఒప్పందము తీరిననాడు నిన్నటి సినిమా నేడు కనబడదు. నెలలు గడచినకొలది చందాలు పెరుగును. డిష్షునకు వానయే శత్రువు; దాని తరంగము ఇంచుమించు అంగుళము పొడవు మాత్రమే గనుక జడివానలో చినుకులే దానిని మ్రింగును. కార్తికమాసపు వానలలో ఈ సంగతి మనకు బాగుగా తెలియును. కంప్యూటరునకు పోషణ యెక్కువ, అది పెద్దలకు కొఱుకుడు పడదు. కాని తనదైన దానిని దాచుకొనుటకు దానిని మించినది లేదు. 2016 డిసెంబరు 12 న వార్దా తుపాను వచ్చినప్పుడు మా యింటి డిష్షు ఎగిరిపోయెను, ఇంటర్నెట్టు తీగ తెగెను, కరెంటు పోయెను. ఆ రాత్రి పలికినది రెండు బ్యాటరీల రేడియో యొక్కటే. పెద్దక్క పెద్దక్కయే.

కాని అసలు ప్రశ్న సాధనమునుగూర్చినది గాదు. మొదట తెలుగు మనము వెదకినను దొరకలేదు. తరువాత మనము వెదకకయే వచ్చినది. ఇప్పుడు కావలసినంత గలదు, పిలిచిననే వచ్చును. మొన్న మా మనుమడు ఒక సినిమా పెట్టుచు, "తాతయ్యా, ఏ భాషలో పెట్టేది?" అని అడిగెను. తెలుగులో తీసిన చిత్రమే. మీట నొక్కిన తమిళమున, హిందీలో గూడ పలుకును. వాడు ఒంటరిగా చూచునప్పుడు ఏ భాష నెంచుకొనునో నాకు తెలియును. వానిని తప్పుపట్టను. బడిలో వానికి తెలుగు అక్షరము లేదు.

ఇది ప్రతి తెలుగింట నిత్యము జరుగు చిన్న ఓటు. దీనికి చట్టము లేదు, తీర్పు లేదు. కనుక మన సంఘములవారికి నా మనవి రెండు మాటలు. సంఘభవనమున ఒక ఉచిత డిష్షు పెట్టి వారమునకొకనాడు పెద్దలను, పిల్లలను కలిపి కూర్చుండబెట్టవలెను. వెనుకటి వీధిలో ఒకే సెట్టుముందు కూర్చున్నట్లు. ఒక కంప్యూటరు నుంచి మన వృద్ధుల పాటలను, కథలను, ఈ పట్టణపు జ్ఞాపకములను దాచవలెను. ఏ చందాదారుడును వానిని తీసివేయజాలడు. మిగిలినది ఇంటిపెద్దల చేతిలో నున్నది. మనుమడు అడిగినప్పుడు నేను "తెలుగులో పెట్టరా" అంటిని. వాడు పెట్టి, నా ప్రక్కన కూర్చుండి, తెలియని మాట వచ్చినప్పుడెల్ల అర్థమడిగెను. ఆ సినిమా ముగియుటకు మాకు నాలుగు గంటలు పట్టినది.