న్యూగ్రేంజ్ గోడ, తారా రోడ్డు

మొన్న శనివారం నేనూ, ఆఫీసు మిత్రులిద్దరూ కారేసుకుని డబ్లిన్ నుంచి మీత్ కౌంటీకి బయల్దేరాం. పాత రాళ్ళు చూడ్డానికి ఇంత పెట్రోలు అవసరమా అని ఒకడు దారంతా సణుగుతూనే ఉన్నాడు.

మొదట న్యూగ్రేంజ్. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టిన సమాధి. అంటే గిజా పెద్ద పిరమిడ్ కంటే ఓ ఆరొందల ఏళ్ళు ముందుది. కట్టినవాళ్ళకి లోహమన్నదే తెలీదు. 19 మీటర్ల ఇరుకు దారిలో ఒంగుని లోపలికెళితే, రాళ్ళని కొంచెం కొంచెం లోపలికి జరుపుతూ పేర్చిన కప్పు. సున్నం లేదు, సిమెంటు లేదు. అయినా ఇన్నేళ్ళుగా వాన నీరు దిగలేదట! మా అద్దింటి కప్పు గుర్తొచ్చి నవ్వొచ్చింది. డిసెంబరు 21 అటూ ఇటూగా కొన్ని రోజులు, పొద్దుటి ఎండ గుమ్మం పైనున్న కంతలోంచి నేరుగా గర్భంలోకి వస్తుంది. 1967లో దాన్ని లోపల నించుని చూసినాయన పురావస్తు శాస్త్రవేత్త మైకేల్ ఓకెల్లీ. మాకు మాత్రం గైడమ్మ కరెంటు దీపంతో చూపించి సరిపెట్టింది.

బయట మెరిసిపోయే తెల్లరాతి గోడ ఉంది చూశారూ, అందరూ ఫోటో దిగేది దాని ముందే. అది మాత్రం 1970ల నాటి పని. కింద పడివున్న పలుగురాళ్ళని బట్టి, ఇవి ఒకప్పుడు నిటారు గోడ అయ్యుండాలని ఓకెల్లీ లెక్కేశాడు. అది నిలబడ్డానికి వెనకాల కాంక్రీటు పోశారు. పక్కనే ఉన్న నౌత్ దగ్గర అదే రకం రాళ్ళని నేలమీదే పరిచి వదిలేశారు. నా మట్టుకు నాకు నౌత్ పద్ధతే నిజాయితీగా అనిపించింది. డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్‌ని "వాళ్ళ ఉద్దేశం ఇదే అయ్యుంటుంది" అని తిరగరాయడం మనకేం కొత్త కాదుగా, అందుకే ఆ గోడంటే అనుమానం.

అన్నట్టు, ఈ సమాధి దారి 1699లో బయటపడింది కూడా, రోడ్డుకి రాళ్ళు కావాలని కూలీలు తవ్వుతుంటేనే.

రోడ్డంటే గుర్తొచ్చింది, తర్వాత వెళ్ళింది తారా కొండకి. ఐర్లండు రాజుల పీఠమంటారు. తీరా చూస్తే గడ్డి దిబ్బలు, గొర్రెలు, నిలువురాయి ఒకటి. 1899-1902 మధ్య కొందరు ఇక్కడ బైబిల్లోని నిబంధన మందసం ఉందని తవ్విపారేశారు. కవి యేట్స్ లాంటివాళ్ళు గోల చేశారు గానీ, అప్పటికే దిబ్బ పాడైంది.

ఆ కొండ పక్క లోయలోంచే ఎం3 మోటార్‌వే వేశారు. పని జరుగుతుండగా 2007లో లిస్మల్లిన్ దగ్గర ఇనుప యుగం నాటి గుంజల గుంతల వలయం బయటపడింది, 80 మీటర్ల వెడల్పు. జాతీయ కట్టడంగా ప్రకటించారు. తవ్వారు, కొలిచారు, రాసుకున్నారు, పైన రోడ్డేశారు. "రికార్డు రూపంలో పరిరక్షణ" అని దానికో పేరు. 2010 జూన్‌లో రోడ్డు తెరిచారు.

నవన్ వాళ్ళ బాధా నిజమే. డబ్లిన్‌కి ప్యాసింజరు రైలు వాళ్ళకి ఇప్పటికీ లేదు. రోజూ ఆ ట్రాఫిక్కులో నలిగినవాడికి గుంతల వలయం గురించి క్లాసు పీకడానికి నేనెవర్ని? అయినా ఓ పక్కకి జరిపి వెయ్యలేకపోయారా అని కొండమీద నించుని మిత్రులతో గట్టిగానే వాదించాను.

సాయంత్రం వాన మొదలైంది. పాత రోడ్డెంట పోదామన్నాను. మ్యాప్ చూస్తే ఎం3 మీదే త్వరగా చేరతాం. ఎవరూ మాట్లాడలేదు. లిస్మల్లిన్ ఎప్పుడు దాటామో కూడా తెలీలేదు, టోల్‌గేటు రాగానే చిల్లర తీసిచ్చింది నేనే.