ఫ్యూజీ చెంత ఉమ్మడి పందెము

2005లో జోర్డాన్ జట్టు పక్షమున ఫార్ములా వన్ బరిలో దిగి, ఆ పోటీలలో పాల్గొన్న తొలి భారతీయుడన్న కీర్తి నార్జించిన కోయంబత్తూరు వాసి నరైన్ కార్తికేయన్, 2019 నవంబరు 24న జపానులోని ఫ్యూజీ స్పీడ్‌వేలో, జర్మను జపాను కార్లు కలిసి పరుగిడిన పందెమున హోండా ఎన్‌ఎస్‌ఎక్స్‌ను నడిపి ప్రథముడుగా నిలిచెను. విజయము సంగతి యటుంచి, ఆ కార్లు ఒకే గీతపై నిలుచుటకు పట్టిన యేడేండ్ల కథయే నాకు మిక్కిలి రుచించినది.

వీధికారు రూపమును పైకి నిలుపుకొని లోన సమస్తమును మార్చుకొన్న బండ్లతో సాగు జర్మను టూరింగ్ కార్ పోటీలు, 1996లో అంతర్జాతీయ వేషము ధరించి, ఖర్చు మితిమీరి ఆల్ఫా రోమియో, ఓపెల్ సంస్థలు తప్పుకొనగా, ఆ యేటితోనే అంతరించినవి. 2000లో డీటీఎం పేర తిరిగి లేచిన పిమ్మట, ఆ పాత దెబ్బ జ్ఞప్తియందుండుటచేత కాబోలు, నిర్వాహకులు 2012లో జపానులోని సూపర్ జీటీ కారు పందెముల వారితో ఒప్పందము చేసికొనిరి. కార్బన్ ఫైబరు పంజరము మొదలుకొని కంటికి కానరాని భాగములను ఉమ్మడిగా వాడినచో ఖర్చు తగ్గును, ఒకచోట కట్టిన కారు మరొకచోటను పరుగిడును. ఇంతే దాని సారాంశము. కాని ఎవరి పట్టు వారిది. జపానీయులు 2014లోనే రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల టర్బో ఇంజినును చేపట్టగా, జర్మనులు తమ నాలుగు లీటర్ల వీ8ను విడుచుటకు 2019 దాక తాత్సారము చేసిరి. టైర్ల విషయమున జపానులో పలు సంస్థలు పోటీపడుచుండగా జర్మనీలో అందరికిని హాంకూక్ ఒక్కటియే. ఫ్యూజీలో జపాను జట్లు తమకు అలవాటులేని ఆ టైర్లనే తొడుగుకొనవలసివచ్చెను.

ఆనాటి బీఎండబ్ల్యూ కార్లలో ఒకదానిని అలెక్స్ జనార్డీ నడిపెను. 2001లో జర్మనీలోని లౌసిట్జ్‌రింగ్ ప్రమాదమున రెండు కాళ్ళును కోల్పోయిన ఆయన, వేగము పెంచుటయు బ్రేకు వేయుటయు చేతులతోనే సాగించుచుండెను.

ఇక గెలిచిన కారు చూడుడు. ఉమ్మడి నియమము ప్రకారము ఇంజిను ముందుభాగమున నుండవలెను. ఎన్‌ఎస్‌ఎక్స్‌కు మాత్రము, అమ్మకపు కారుకువలెనే, అది డ్రైవరు వీపు వెనుక నుండెను. హోండాకు 2014 నుండియు మినహాయింపు నడచుచుండెను. అనగా ఉమ్మడి నిబంధనల పండుగనాడు పందెము కొట్టినది ఆ నిబంధనకు లొంగని బండి! అందుకు నాకు నవ్వు వచ్చిన మాట నిజము.

2020 పోటీలకై హోండా వారు ఎట్టకేలకు ఇంజినును ముందుకు తెచ్చిరి. ముహూర్తము మాత్రము మించిపోయినది: ఆ యేప్రిల్‌లోనే ఆడీ సంస్థ డీటీఎం నుండి తప్పుకొనుచున్నట్లు ప్రకటింపగా, 2021 నుండి జర్మనులు ఆ ఉమ్మడి నియమములను విడిచి జీటీ3 అను వేరు తరగతి కార్లతో పరుగిడ నారంభించిరి.