కాసాయి ఒడ్డుకు వచ్చిన సానెట్

తరాలుగా ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉంటున్న తెలుగువాళ్లకు మేదినీపూర్ పక్క ఊరే, కాసాయి నది దాటితే చాలు. బెంగాలీ సానెట్ పుట్టుక వెతికితే అక్కడికే చేరతాం. 1860లో మైకేల్ మధుసూదన్ దత్ తన తొలి బెంగాలీ సానెట్‌ను ఉత్తరంలో పెట్టి పంపింది మేదినీపూర్ సర్కారు బడి హెడ్మాస్టరు రాజనారాయణ్ బసుకు. అప్పటికి ఖరగ్‌పూర్‌కు రైలే రాలేదు.

మధుసూదన్ మనకు పరాయివాడేమీ కాదు. మద్రాసులో ఉండగా 1849లో మిత్రుడికి రాస్తూ, రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా తెలుగు, సంస్కృతం చదువుతున్నానన్నాడు. ఆ ఊళ్లోనే రెబెక్కాను పెళ్లాడాడు. 1856లో ఆమెనూ పిల్లలనూ వదిలి కలకత్తా వెళ్లిపోయాడు. అయినా 1866లో అచ్చయిన ఆయన సానెట్ల సంపుటి ‘చతుర్దశపదీ కవితావళి’లో పెద్దపీట సొంతూరి నదికి, పండగలకు, పూర్వకవులకు. తెగిన కాపురానికి చోటు దక్కకపోవడం నాకు లోటుగానే తోస్తుంది.

ఎందుకంటే తెగిన బంధాన్ని చెప్పడానికి సానెట్ బాగా పనికొస్తుంది. 13వ శతాబ్దిలో సిసిలీ ఆస్థానంలో దీనికి రూపు కట్టాడని చెప్పే జాకొమో ద లెంతీని వృత్తికి నోటరీ. ఎనిమిది పాదాల్లో వ్యవహారం చెప్పి, మిగతా ఆరింటిలో మలుపు తిప్పి తేల్చే పద్ధతి దస్తావేజు రాసే చేతికి అలవాటైనదే. పెట్రార్కు లారా కోసం వందల సానెట్లలో నిట్టూర్చాడు. షేక్‌స్పియర్ 1609 నాటి 154 సానెట్లలో 87వదాన్ని పట్టాలు, హక్కుల భాషలోనే వీడ్కోలుగా నడిపాడు.

నా లెక్కలో అన్నిటికన్నా గట్టిది 1619లో మైకేల్ డ్రేటన్ అచ్చువేసింది. విడిపోతున్న ఇద్దరూ చేయి కలిపి, చేసుకున్న బాసలన్నీ రద్దు చేసుకోవాలి. మళ్లీ ఎదురుపడితే ముఖంలో పాత ప్రేమ ఆనవాలు కూడా కనపడకూడదు. మొదటి ఎనిమిది పాదాలూ ఇలా తెగతెంపుల మాటలే. తొమ్మిదో పాదం నుంచి ప్రేమ కొన ఊపిరితో మంచం మీద ఉంటుంది. నువ్వు తలుచుకుంటే ఇప్పటికీ బతుకుతుందని చివర ఒక్క మాట. ఎక్కడా ఏడుపు లేదు. 1923లో ఎడ్నా మిలే ఇంకా ముందుకు వెళ్లి, ఒంటి కోరికను చూసి ప్రేమనుకోవద్దని, మళ్లీ కలిసినా మాట్లాడేది లేదని ఆడదాని గొంతుతో తేల్చేసింది.

ఈ తెగువ మనకు కొత్త కాదు. మాట తప్పినవాణ్ణి క్షేత్రయ్య నాయిక మొహం మీదే నిలదీస్తుంది. భావకవులు వచ్చాకే విరహానికి కన్నీళ్లు ఎక్కువయ్యాయి.

ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్లలో బెంగాలీ ధారాళంగా చదివేవాళ్లు ఉన్నారు. మధుసూదన్ సానెట్లు మూలంలోనే చదవండి. ఆయన రాయకుండా వదిలేసిన ఆ పద్నాలుగు పాదాలు మీలో ఎవరైనా తెలుగులో రాయండి.