తెలియని పెన్‌డ్రైవ్‌ల ముప్పు: చరిత్ర

ఎవరిదో, ఏయే కంప్యూటర్లకు తగిలించారో తెలియని పెన్‌డ్రైవ్, మెమరీ కార్డు, హార్డ్‌డిస్క్ వంటి వాటివల్ల వైరస్ సోకడం, సమాచారం చోరీ కావడం ఈ ముప్పు. ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌కు భయం లేదన్న నమ్మకం ఎంత బలహీనమో చూపిన ఉదంతం విశాఖపట్నంలోనే జరిగింది.

మొదట వైరస్‌లను మోసే పని ఫ్లాపీలు చేశాయి. లాహోర్‌కు చెందిన ఇద్దరు అన్నదమ్ములు 1986లో వదిలిన ‘బ్రెయిన్’ వైరస్ ఫ్లాపీల్లో చేతులు మారుతూ దేశాలు దాటింది. 2000లో పెన్‌డ్రైవ్‌లు మార్కెట్‌లోకి వచ్చాయి. పెన్‌డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్‌ను దానంతటదే నడిపే విండోస్‌లోని ‘ఆటోరన్’ సదుపాయం వైరస్‌లకు రాచబాట అయింది. 2008 చివర్లో బయల్దేరిన ‘కాన్‌ఫికర్’ వైరస్ వాడుకున్న దారుల్లో ఇదొకటి. పాత విండోస్‌లలో పెన్‌డ్రైవ్‌లకు ఆటోరన్‌ను ఆపే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2011 ఫిబ్రవరిలో గానీ అందరికీ పంపలేదు. ఇంత ఆలస్యానికి సమర్థన కనిపించదు.

వరంగల్, హనుమకొండల్లో ప్రాజెక్టు రిపోర్టు ప్రింటు కోసం జెరాక్స్ సెంటర్‌కు వెళ్లే విద్యార్థులకు దీని పరిచిత రూపం ‘షార్ట్‌కట్ వైరస్’. ఫోల్డర్లు మాయమై, వాటి పేర్లతోనే షార్ట్‌కట్‌లు కనిపిస్తాయి. నిజానికి ఫైళ్లు ఎక్కడికీ పోవు, హిడెన్‌గా మారతాయంతే. కంగారులో ఆ షార్ట్‌కట్‌ను నొక్కితే వైరస్‌ను మనమే నడిపించినట్టు. ఫైళ్లు పోయాయనుకుని అప్పటికప్పుడు ఫార్మాట్ కొట్టేస్తే మాత్రం రిపోర్టు నిజంగానే పోతుంది.

2010లో బయటపడ్డ ‘స్టక్స్‌నెట్’ వైరస్‌కు ఆ నొక్కడం కూడా అక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లోని ఐకాన్లు తెర మీద కనిపిస్తే చాలు. దాని గురి ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రమైనా, ఎక్కువగా సోకిన దేశాల్లో ఇండోనేషియాతో పాటు భారత్ కూడా ఉంది.

2012 జూలైలో వెలువడిన పత్రికా కథనం ప్రకారం, విశాఖలోని తూర్పు నౌకాదళ కేంద్ర కార్యాలయ కంప్యూటర్లలోకి పెన్‌డ్రైవ్‌ల ద్వారా వైరస్ చేరింది. రహస్య పత్రాలుండే ఆ కంప్యూటర్లకు ఇంటర్నెట్ లేదు. వైరస్ పెన్‌డ్రైవ్‌లో కనిపించని ఫోల్డర్ ఒకటి సృష్టించి, కొన్ని ప్రత్యేక పదాలున్న ఫైళ్లను అందులోకి నకలు చేసేది. అదే పెన్‌డ్రైవ్‌ను ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్‌కు పెట్టగానే వాటిని చైనా చిరునామాలకు పంపేది. అణు జలాంతర్గామి ‘అరిహంత్’ పరీక్షలు విశాఖలో సాగుతున్న కాలమది. విచారణ జరుగుతోందని నౌకాదళం చెప్పింది.

2014లో జర్మన్ పరిశోధకులు ‘బ్యాడ్‌యూఎస్‌బీ’ని ప్రదర్శించారు. పెన్‌డ్రైవ్ లోపలి నియంత్రణ ప్రోగ్రామ్‌ను మార్చేస్తే అది కంప్యూటర్‌కు కీబోర్డుగా పరిచయమై తనే ఆదేశాలు టైపు చేస్తుంది. ఫైళ్లను వెతికే యాంటీవైరస్‌కు ఇది చిక్కదు.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో ‘సైబర్ స్వచ్ఛతా కేంద్ర’ను ప్రారంభించింది. హైదరాబాద్‌లోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ రూపొందించిన ‘యూఎస్‌బీ ప్రతిరోధ్’ను దాని ద్వారా ఉచితంగా అందుబాటులోకి తెచ్చారు. పాస్‌వర్డ్ లేకుండా పెన్‌డ్రైవ్ తెరుచుకోకుండా, ఆటోరన్ నడవకుండా అది కాపు కాస్తుంది.

ఇన్ని జాగ్రత్తలకూ లొంగనిది మనిషి కుతూహలం. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పరిశోధకులు 297 పెన్‌డ్రైవ్‌లను కావాలని పడేసి చూశారు. 2016లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 45 శాతం డ్రైవ్‌లలోని ఫైళ్లను ఎవరో ఒకరు తెరిచారు. మొదటిది ఆరు నిమిషాల్లోపే తెరుచుకుంది. ఎందుకు తెరిచారంటే, సొంతదారును కనుక్కుందామని చాలామంది జవాబిచ్చారు. అందుకు డ్రైవ్ తెరవాల్సిన పనిలేదు. కాలేజీలో దొరికితే ఆఫీసులో అప్పగించి, నోటీసు బోర్డు మీద ఒక ముక్క రాయండి.